తొలి ఫ్లైట్ సిమ్యులేటర్: దేన్ని చూసి ఎంచుకోవాలి?

ఇంటి కంప్యూటర్‌లో విమానం నడపడం నేర్చుకోదలచినవారు ఫ్లైట్ సిమ్యులేటర్‌ను ఎంచుకునేటప్పుడు ఎక్కువగా దాని దృశ్యాలను చూసి ఒక నిర్ణయానికి వస్తారు. మబ్బులు ఎంత సహజంగా ఉన్నాయి, తమ ఊరి వీధులు గుర్తుపట్టేలా ఉన్నాయా, కాక్‌పిట్‌లోని మీటల మీద అరుగుదల గుర్తులు సైతం కనిపిస్తున్నాయా అన్నవే వారి కొలతలవుతాయి. ఈ ఆకర్షణ సహజమే. అయితే సిమ్యులేటర్ మూలతః ఒక గణన యంత్రం. విమానంపై పనిచేసే బలాలను క్షణక్షణమూ లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం విమానం తరువాతి క్షణంలో ఎక్కడ, ఏ భంగిమలో, ఎంత వేగంతో ఉండాలో నిర్ణయించడం దాని అసలు పని. కళ్ళకు కనిపించేదంతా ఆ లెక్క ఫలితానికి వేసిన బొమ్మ మాత్రమే. నేర్చుకునేవారికి మేలు చేసేది మొదటిది, డబ్బు ఖర్చు చేయించేది రెండోది కావడం వల్ల, తొలి సిమ్యులేటర్ ఎంపికలో ఈ రెండింటి మధ్య తేడాను గ్రహించడం ఎంతో అవసరం.

సిమ్యులేటర్ చరిత్రలో దృశ్యం చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. 1929లో అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ తయారు చేసిన శిక్షణ యంత్రంలో తెర అన్నదే లేదు. తండ్రి నడిపే పియానో, ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలో పని నేర్చిన ఆయన, ఆ వాద్యాలలో గాలిని నింపే తిత్తులనే ఉపయోగించి, ఒక చిన్న పెట్టెలాంటి కాక్‌పిట్‌ను పైలట్ చేతి కదలికలకు అనుగుణంగా వంగేటట్టు, తిరిగేటట్టు అమర్చాడు. మొదట దీనిని వినోద యంత్రంగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమానాల ద్వారా తపాలా చేరవేసే బాధ్యతను తీసుకుని, పొగమంచులో, చీకటిలో కేవలం పరికరాలను చూసి విమానం నడపడం తెలియని పైలట్లను వరుస ప్రమాదాలలో పోగొట్టుకున్న తరువాత, ఆ యంత్రాలను ఆరింటిని కొనుగోలు చేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఐదు లక్షలకు పైగా వైమానికులు ఈ నీలిరంగు పెట్టెలలోనే తొలి పాఠాలు నేర్చుకున్నారు. మూత మూసిన ఆ పెట్టెలో వారికి కనిపించినవి వేగాన్ని, ఎత్తును, దిశను చూపే కొన్ని ముళ్ళు మాత్రమే. అయినా ఆ శిక్షణ ప్రాణాలను కాపాడింది.

వ్యక్తిగత కంప్యూటర్‌లోకి ఈ కళను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1970ల మధ్యలో తాను సమర్పించిన పరిశోధన వ్యాసపు ఆలోచనల మీద ఆధారపడి ఆయన రూపొందించిన ప్రోగ్రామ్ 1979-80 ప్రాంతంలో ఆపిల్-2 కంప్యూటర్‌కు వెలువడింది; 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానినే ఐబీఎం కంప్యూటర్ కోసం తన పేరుతో విడుదల చేసింది. తొలి ఆపిల్-2 కూర్పులో గీతలతో గీసిన నేల, గీతలతో గీసిన కొండలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఈనాడు అదే వరుసలో వచ్చిన 2020 నాటి కూర్పు రెండు పెటాబైట్లకు, అంటే ఇరవై లక్షల గిగాబైట్లకు, పైబడిన భూగోళ సమాచారాన్ని దూరపు సర్వర్లలో నిలువ ఉంచుకుని, విమానం ఎక్కడ ఎగురుతుంటే అక్కడి భాగాన్ని ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకుంటుంది. నాలుగు దశాబ్దాలలో బొమ్మ ఎంత మారిందో చెప్పడానికి ఇది చాలు. మారనిది ఆ బొమ్మ వెనుక ఉన్న భౌతికశాస్త్రం.

ఆ భౌతికశాస్త్రంలో ప్రధానమైన సంగతులు కొన్నే. స్థిరంగా ఎగిరే విమానంపై నాలుగు బలాలు పనిచేస్తాయి: కిందికి లాగే బరువు, పైకి ఎత్తే లిఫ్ట్, ముందుకు తోసే థ్రస్ట్, వెనక్కి పట్టే డ్రాగ్. వీటిలో లిఫ్ట్ అన్నది గాలి సాంద్రత, వేగపు వర్గం, రెక్క వైశాల్యం, రెక్కకు ఎదురుగాలికి మధ్య ఉండే కోణాన్ని బట్టి మారే ఒక గుణకం అనే నాలుగింటి లబ్ధంలో సగానికి సమానం. వేగపు వర్గం అన్న మాట ఇక్కడ కీలకమైనది, ఎందుకంటే వేగం సగానికి తగ్గితే లిఫ్ట్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటును పూడ్చడానికి పైలట్ విమానపు ముక్కును ఎత్తి ఆ కోణాన్ని పెంచాలి. పైలట్లు యాంగిల్ ఆఫ్ అటాక్ అని పిలిచే ఈ కోణం మామూలు రెక్కలకు సుమారు 15 డిగ్రీలు దాటగానే, గాలి రెక్క పైతలాన్ని అంటిపెట్టుకుని సాగడం మానేసి సుడులు తిరుగుతూ విడిపోతుంది. అప్పుడు లిఫ్ట్ హఠాత్తుగా తగ్గిపోవడాన్నే స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇంజన్ పూర్తి శక్తితో పనిచేస్తున్నా రెక్క స్టాల్ కావచ్చు. స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడమే అన్నది కొత్తగా నేర్చుకునేవారి దురభిప్రాయాలలో మొదటిది కాబట్టి, దానిని సరిదిద్దలేని సిమ్యులేటర్‌ను శిక్షణకు పనికివచ్చేదిగా లెక్కించలేము.

ఈ బలాలను లెక్కగట్టే పద్ధతిని ఫ్లైట్ మోడల్ అంటారు. ఇందులో రెండు ప్రధాన మార్గాలున్నాయి. ఒక మార్గంలో, నిజమైన విమానాన్ని గాలి సొరంగంలో పరీక్షించి గానీ, ఎగిరించి గానీ సేకరించిన గుణకాలను పట్టికలుగా పొందుపరచి, ఈ వేగానికి, ఈ కోణానికి ఇంత లిఫ్ట్, ఇంత డ్రాగ్ అని ఆ పట్టికల నుంచి తీసుకుంటారు. పట్టిక సరైనదైతే ఫలితం కూడా చాలా ఖచ్చితంగా ఉంటుంది. పట్టిక పరిధి దాటిన విచిత్ర స్థితులలో మాత్రం దాని మాట నమ్మదగినది కాదు. రెండో మార్గంలో రెక్కలను, తోకను, ప్రొపెల్లర్‌ను అనేక చిన్న పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి తగిలే గాలి దిశను, వేగాన్ని, దాని వల్ల పుట్టే బలాన్ని విడివిడిగా లెక్కించి, అన్నిటినీ కూడతారు. ఓడల ప్రొపెల్లర్ల అధ్యయనంలో విలియం ఫ్రూడ్ 1878లోనే ప్రతిపాదించిన ఈ పద్ధతికి బ్లేడ్ ఎలిమెంట్ సిద్ధాంతమని పేరు. ఒక రెక్క స్టాల్ అయి మరొకటి కాకపోవడం, ప్రొపెల్లర్ నుంచి వెలువడిన గాలి తోకలో కొంత భాగాన్నే తాకడం వంటి పరిణామాలు ఈ లెక్కలో వాటంతట అవే బయటపడతాయి.

ఇక మార్కెట్లో ఉన్నవాటి విషయానికి వస్తే, పౌర విమానయానాన్ని అనుకరించే సిమ్యులేటర్లలో తొలిసారి నేర్చుకునేవారు పరిశీలించదగినవి మూడు. వీటిలో ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం. 1996లో ఒక ప్రతిపాదనగా మొదలై మరుసటి ఏడాది తొలి రూపం పొందిన ఈ ప్రోగ్రామ్‌ను ప్రపంచవ్యాప్త స్వచ్ఛంద కార్యకర్తలు అభివృద్ధి చేస్తున్నారు. దాని మూల సంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఇందులోని ముఖ్యమైన ఫ్లైట్ మోడల్ జేఎస్‌బీసిమ్ పట్టికల మార్గానికి చెందినది; వేర్వేరు సిమ్యులేషన్ ప్రోగ్రాముల లెక్కలను పోల్చి చూస్తూ నాసా 2015లో ప్రచురించిన నివేదికలో పరీక్షకు నిలిచిన వాటిలో ఇది కూడా ఒకటి. ఉచితమైనది కనుక లెక్కలో తక్కువ అన్న ఊహకు ఇక్కడ తావు లేదు. అయితే దృశ్యాలు సాదాగా ఉంటాయి, ఒక్కో విమానం నాణ్యత దానిని తయారు చేసిన వారి శ్రద్ధను బట్టి మారుతుంది, సందేహం వస్తే వెదుక్కుని చదువుకునే ఓపిక ఉండాలి. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని పాత కంప్యూటర్ ఉన్నవారికి, కొద్దిపాటి ఇంటర్నెట్‌తో సరిపెట్టుకోవలసిన వారికి ఇది తెరచి ఉంచిన తలుపు.

రెండోది ఎక్స్-ప్లేన్. ఆస్టిన్ మేయర్ 1990ల మధ్యలో మొదలుపెట్టిన ఈ సిమ్యులేటర్‌కు బ్లేడ్ ఎలిమెంట్ పద్ధతే పునాది. ఇటీవలి 12వ కూర్పు 2022 చివరిలో వెలువడింది. విండోస్‌తో పాటు మాక్, లైనక్స్ కంప్యూటర్లలో కూడా పనిచేయడం, దృశ్యాల సమాచారం ఒకసారి డిస్క్‌లోకి చేరిన తరువాత ఇంటర్నెట్ లేకుండానే ఎగరగలగడం దీని సౌకర్యాలు. రహదారులు, రైలు మార్గాల అమరికను ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే బహిరంగ పటం నుంచి తీసుకుంటుంది కాబట్టి, తెలుగు జిల్లాల మీదుగా ఎగిరేటప్పుడు కిందనున్న రోడ్లు నిజమైన రోడ్లే. వాటి పక్కనున్న ఇళ్ళు మాత్రం ప్రోగ్రామ్ ఊహించి పేర్చినవి. కొనేముందు పరీక్షించడానికి ఒక ఉచిత నమూనా కూర్పు లభిస్తుంది. అది ఒక్క విమానాశ్రయ పరిసరాలకు, పరిమిత సమయానికి కట్టుబడినదైనా, తన కంప్యూటర్ దీనిని మోయగలదా లేదా అన్నది కొనుగోలుదారుకు రూపాయి ఖర్చు లేకుండా తెలుస్తుంది.

మూడోది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. 2009లో తన సొంత అభివృద్ధి బృందాన్ని మూసివేసిన ఆ సంస్థ, ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన అసోబో స్టూడియో చేత దీనిని పునర్నిర్మింపజేసి 2020 ఆగస్టులో విడుదల చేసింది. దాని తరువాతి కూర్పు 2024 నవంబరులో వచ్చింది. ఉపగ్రహ, వైమానిక ఛాయాచిత్రాల మీద నిర్మించిన భూగోళం, నిజ సమయపు వాతావరణం దీనికి సాటిలేని అందాన్నిచ్చాయి. పాత కూర్పులతో పోలిస్తే దీని ఫ్లైట్ మోడల్ కూడా ఎంతో మెరుగైనది. విమాన ఉపరితలాన్ని అనేక బిందువులుగా విడగొట్టి గాలి ప్రభావాన్ని లెక్కించే పద్ధతికి ఇదీ చేరుకుంది. 2020 కూర్పులో అమెరికాలోని అరిజోనాకు చెందిన సెడోనా విమానాశ్రయం నుంచి సెస్నా 152 విమానంతో మెట్టుమెట్టుగా సాగే పాఠాలున్నాయి. పక్కన కూర్చుని చెప్పేవారెవరూ లేని విద్యార్థికి అవి నిజంగా ఉపయోగపడతాయి. దీనికి చెల్లించవలసిన మూల్యం బలమైన కంప్యూటర్, నిలకడైన ఇంటర్నెట్. 2024 కూర్పుకు కనీసం 16 గిగాబైట్ల ర్యామ్ అవసరమని, 32 గిగాబైట్లు ఉంటే మేలని తయారీదారులే ప్రకటించారు. దృశ్యాలు అన్నీ నిరంతరం ఇంటర్నెట్ నుంచే దిగుతుండటం వల్ల, రోజువారీ డేటా పరిమితితో మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే ఇంట్లో దీని అందం కనబడదు, మసకబారిన నేల మాత్రమే మిగులుతుంది.

యుద్ధ విమానాల సిమ్యులేటర్లు, ఫోన్లలో పనిచేసే సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి. మొదటివి ఆయుధ వ్యవస్థల అభ్యాసంలో విద్యార్థిని ముంచివేస్తాయి. రెండోవి సరదాకు చాలు. తొలి పాఠాలకు ఈ రెండూ తగినవి కావు.

తన కంప్యూటర్ శక్తికి మించిన సిమ్యులేటర్‌ను ఎంచుకోవడమే కొత్తవారు చేసే అతి పెద్ద పొరపాటు. దీని నష్టం అందంలో కాదు, అభ్యాసంలో ఉంటుంది. తెరపై సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే సంఖ్యను ఫ్రేమ్ రేటు అంటారు. సెస్నా వంటి చిన్న విమానం 65 నాట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 33 మీటర్ల చొప్పున, రన్‌వే వైపు దిగుతోందని అనుకుంటే, సెకనుకు 30 బొమ్మలు వచ్చేచోట ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య విమానం మీటరుకు కాస్త పైబడి కదులుతుంది. అదే 5 బొమ్మలే వచ్చేచోట ఏడు మీటర్ల దాకా దూకుతుంది. నేలకు తాకే ముందు విమానపు ముక్కును మెల్లగా ఎత్తి పట్టే క్రియ, పైలట్లు ఫ్లేర్ అనేది, మొత్తం కొద్ది సెకన్లలో ముగుస్తుంది. ఆ సెకన్లలో కన్ను ఆలస్యంగా చూసి, చెయ్యి ఆలస్యంగా స్పందించి, ఆ స్పందన ఫలితం ఇంకా ఆలస్యంగా కనబడితే, విద్యార్థి అవసరానికి మించి లాగి, వెంటనే అవసరానికి మించి తోసి, విమానాన్ని అలలా ఊపడం మొదలుపెడతాడు. నిజమైన విమానాలలో కూడా నియంత్రణ వ్యవస్థ ఆలస్యంగా స్పందించినప్పుడు ఇదే ప్రమాదం తలెత్తుతుంది. ఎక్స్-ప్లేన్‌లోనైతే ఫ్రేమ్ రేటు 20కి దిగువకు పడినప్పుడు లెక్క తప్పకుండా ఉండేందుకు ప్రోగ్రామ్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. అందువల్ల మబ్బులను, నీడలను, చెట్లను తగ్గించుకుని అయినా సెకనుకు 30 బొమ్మలు స్థిరంగా వచ్చేట్టు చూసుకోవడమే సరైన పద్ధతి.

నియంత్రణ పరికరం గురించి కొంత విస్తారంగా చెప్పుకోవడం న్యాయం, ఎందుకంటే సిమ్యులేటర్ పేరు కన్నా దాని ప్రభావమే ఎక్కువ. కీబోర్డు మీట నొక్కితే పనిచేస్తుంది, వదిలితే ఆగుతుంది. కొద్దిగా నొక్కడం అన్నది దానికి తెలియదు. విమానాన్ని నడపడమంటే ప్రధానంగా కొద్దికొద్దిగా సవరించడమే కనుక, కీబోర్డుతో నేర్చుకున్న చెయ్యి తరువాత చాలా మరచిపోవలసి వస్తుంది. జాయ్‌స్టిక్‌లో మూడు చలనాలుండటం మంచిది. ముందుకు వెనకకు వంచితే తోకలోని ఎలివేటర్ కదిలి ముక్కు దిగుతుంది లేదా లేస్తుంది. పక్కలకు వంచితే రెక్కల చివరలనున్న ఎయిలరాన్లు కదిలి విమానం ఒరుగుతుంది. పిడిని మెలితిప్పితే తోక నిలువు పలక అయిన రడ్డర్ కదిలి ముక్కు ఎడమకో కుడికో తిరుగుతుంది. ఈ మూడో చలనం విలాసం కాదు. ఒకే ఇంజన్ గల సెస్నా రన్‌వేపై పూర్తి శక్తితో పరుగెత్తేటప్పుడు, ప్రొపెల్లర్ నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే గాలి తోకను తాకడం వంటి కారణాల వల్ల ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి రడ్డర్‌తో దానిని సరిచేయకపోతే విమానం రన్‌వే అంచు దాటిపోతుంది. సిమ్యులేటర్‌లో ఏదో లోపముందని కొత్తవారు భావించే ఈ ప్రవర్తన నిజానికి దాని నిజాయితీకి నిదర్శనం.

జాయ్‌స్టిక్ లోపల చేతి స్థానాన్ని కొలిచే సాధనం రెండు రకాలు. పొటెన్షియోమీటర్ అనే పాత రకంలో ఒక లోహపు మొన నిరోధక పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టీ అరిగి, చెయ్యి కదలకున్నా విమానం వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ప్రభావం ఆధారంగా పనిచేసే రెండో రకంలో అయస్కాంతం స్థానాన్ని ఏ స్పర్శా లేకుండా కొలుస్తారు కాబట్టి అరుగుదల ఉండదు. ధరలో కొద్ది తేడానే ఉన్నచోట హాల్ సెన్సర్ గల జాయ్‌స్టిక్‌ను తీసుకోవడం దీర్ఘకాలంలో పొదుపు. విమానపు స్టీరింగులా కనిపించే యోక్, కాళ్ళతో తొక్కే పెడళ్ళు ఎంతో బాగుంటాయి గానీ, ఆసక్తి నెలల తరబడి నిలిచిందని రుజువయ్యేవరకు వాటి అవసరం రాదు.

ఒక సిమ్యులేటర్ లెక్కలోని నిజాయితీని కొత్త విద్యార్థి కూడా పరీక్షించగలడు. వేల అడుగుల ఎత్తులో, గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు, సెస్నా 172ను 100 నాట్ల వేగంతో సమతలంగా నిలిపి, ట్రిమ్ చక్రాన్ని తిప్పి చేతి బలం అవసరం లేకుండా సర్దాలి. ట్రిమ్ అంటే పైలట్ పట్టుకోకపోయినా విమానం తన వేగాన్ని తానే కాపాడుకునేట్టు ఎలివేటర్‌ను సరిచేసే ఏర్పాటు. ఆ తరువాత ముక్కును కాస్త ఎత్తి, వేగం పది నాట్లు తగ్గగానే జాయ్‌స్టిక్‌ను వదిలేయాలి. నిజమైన విమానమైతే మెల్లగా ముక్కు దించి వేగం పుంజుకుని, ఆ వేగంతో మళ్ళీ పైకి లేచి, మళ్ళీ దిగుతూ, ఉయ్యాలలా ఊగి క్రమంగా సర్దుకుంటుంది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1908లో ఈ ఊగిసలాటకు ఫ్యూగాయిడ్ అని పేరు పెట్టాడు. ఎగరడానికి గ్రీకు పదం వెదుకుతూ ఆయన పొరపాటున పారిపోవడానికి వాడే పదాన్ని ఎంచుకున్నాడు. ఆయన సూత్రం ప్రకారం ఒక ఊగు కాలం విమానపు వేగం మీదనే ఆధారపడుతుంది, బరువు మీద కాదు. 100 నాట్ల వద్ద అది సుమారు 23 సెకన్లు. గడియారం పట్టుకుని చూస్తే దానికి దరిదాపుల సమయం కనబడాలి. ఊగు అసలే లేకుండా విమానం కర్రలా నిలిచిపోతే ఆ ప్రోగ్రామ్ లెక్కలో ఎక్కడో సర్దుబాటు జరిగిందన్నమాట.

మరో పరీక్ష మలుపులో స్టాల్. విమానం ఒరిగినప్పుడు లిఫ్ట్‌లో కొంత భాగం పక్కకు మళ్ళుతుంది కనుక, ఎత్తు కోల్పోకుండా తిరగాలంటే మొత్తం లిఫ్ట్ పెరగాలి. 60 డిగ్రీల ఒరుగులో రెక్క విమానం బరువుకు రెట్టింపు మోయాలి. స్టాల్ వేగం అప్పుడు రెండు వర్గమూలం మేరకు, అంటే 1.41 రెట్లు, పెరుగుతుంది. రెక్కల వెనుక అంచు పలకలైన ఫ్లాపులు మూసి ఉన్న సెస్నా 172ఎస్ పూర్తి బరువుతో సూటిగా ఎగిరేటప్పుడు సుమారు 48 నాట్ల వద్ద స్టాల్ అయితే, ఆ ఒరుగులో 68 నాట్ల దగ్గరే స్టాల్ కావాలి. రన్‌వేకు ఎదురు రావడానికి తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో, గట్టిగా ఒరిగి తిరిగే పైలట్లు ఎందుకు ప్రమాదానికి గురవుతారో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మూడో పరీక్షకు తెలుగు నేలే తగిన ప్రయోగశాల. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయిన తరువాత కూడా శిక్షణ విమానాలకు నిలయంగా ఉన్న హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉంది. సిమ్యులేటర్లలో ప్రతి విమానాశ్రయానికీ నాలుగు అక్షరాల అంతర్జాతీయ సంకేతం ఉంటుంది. బేగంపేటది వీఓహెచ్‌వై, శంషాబాద్‌ది వీఓహెచ్‌ఎస్, గన్నవరానిది వీఓబీజెడ్. మొదటి రెండు అక్షరాలు దక్షిణ భారతాన్ని సూచిస్తాయి. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రతను 40 డిగ్రీలుగా అమర్చి బేగంపేట నుంచి బయలుదేరితే, ఎత్తు, వేడి కలిసి గాలి సాంద్రతను ప్రామాణిక సముద్రమట్టపు విలువలో 86 శాతానికి తగ్గిస్తాయి. విమానం దృష్టిలో అది సుమారు 1,500 మీటర్ల ఎత్తున్న కొండ మీది రన్‌వేతో సమానం. గాలి పలచబడినందువల్ల విమానం నేల విడవడానికి నిజమైన వేగం 7 శాతానికి పైగా పెరగాలి, దాంతో పరుగు దూరం 15 శాతానికి మించి పెరుగుతుంది. ఇంజన్‌కు అందే గాలి కూడా తగ్గి శక్తి పడిపోవడం వల్ల ఆ దూరం ఇంకా సాగుతుంది. ఇదే విమానాన్ని సముద్రమట్టానికి దాదాపు 25 మీటర్ల ఎత్తులోనే ఉన్న గన్నవరం నుంచి, శీతకాలపు ఉదయాన ఎత్తి చూస్తే తేడా కళ్ళకు కడుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఎండను ఎరిగినవారికి వేడిగాలి అనుభవంలో ఉన్నదే. అది రెక్కను కూడా అలసింపజేస్తుందని ఏ దృశ్య సౌందర్యమూ చూపలేదు, లెక్క మాత్రమే చూపుతుంది.

ఇంటి సిమ్యులేటర్ నేర్పలేనివి కూడా ఉన్నాయి. చెవి లోపలి సమతుల్య అవయవం త్వరణాన్ని, వంపును పసిగడుతుంది. విమానయాన సంస్థలు పైలట్ల శిక్షణకు వాడే భారీ సిమ్యులేటర్లు ఆరు హైడ్రాలిక్ లేదా విద్యుత్ కాళ్ళపై కాక్‌పిట్‌ను కదిలిస్తూ, వేగం పెరిగిన భ్రాంతి కలగడానికి దానిని వెనక్కి వంచి, భూమ్యాకర్షణనే త్వరణంగా అనిపించేట్టు చేస్తాయి. ఇంటి కుర్చీలో ఇవేమీ ఉండవు. అంతకన్నా జాగ్రత్తగా ఉండవలసిన లోపం తెర ఇరుకుదనం. నిజమైన కాక్‌పిట్‌లో పైలట్ తల తిప్పి దిగంతాన్ని చూస్తూ విమానాన్ని నడుపుతాడు. చిన్న తెర ముందు కూర్చున్నవాడు పరికరాల ముళ్ళకు కన్నులప్పగించే అలవాటు పడతాడు. ఈ అలవాటును తరువాత మాన్పించడానికి శిక్షకులు శ్రమపడవలసి వస్తుంది. అందుచేత పైలట్ కావాలనుకునే విద్యార్థి మొదటినుంచే తెరపై దిగంతం కనిపించేట్టు దృశ్య కోణాన్ని అమర్చుకుని, పరికరాలను మధ్యమధ్యలో మాత్రమే చూడటం నేర్వాలి. భారతదేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల ఉడ్డయనం అవసరం. ఇంటి కంప్యూటర్ ముందు గడిపిన ఒక్క గంట కూడా ఆ లెక్కలోకి రాదు. అయినా పరికరాల భాష, చెక్‌లిస్ట్ క్రమం, వేగాల అంకెలు ముందే వచ్చి ఉన్న విద్యార్థికి, గంటకు వేల రూపాయలు ఖర్చయ్యే నిజమైన శిక్షణలో ప్రతి నిమిషం విలువైనదవుతుంది.

ఈ అంశాలన్నిటినీ కలిపి చూస్తే ఎంపిక కష్టం కాదు. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ ఉన్నవారు ఫ్లైట్‌గేర్‌తో మొదలుపెట్టాలి. మధ్యస్థమైన కంప్యూటర్ ఉండి, విమానం ఎందుకు అలా ప్రవర్తిస్తుందన్న జిజ్ఞాస ఉన్నవారికి ఎక్స్-ప్లేన్ మేలు. దాని ఉచిత నమూనాను ఒక వారం వాడి చూడకుండా కొనరాదు. బలమైన కంప్యూటర్, పరిమితి లేని ఇంటర్నెట్ ఉండి, భూగోళాన్ని పైనుంచి చూడాలన్న కోరిక అభ్యాసంతో సమానంగా ఉన్నవారికి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కన్నా సంతృప్తినిచ్చేది లేదు. నెలవారీ చందాతో ఆటలు అందించే పథకంలో అది లభిస్తున్నప్పుడు, ఒక నెల చందా కట్టి పరీక్షించడం పూర్తి ధర పెట్టడం కన్నా వివేకం. మూడు సందర్భాలలోనూ మొదటి ఖర్చు జాయ్‌స్టిక్ మీదనే పెట్టాలి.

దేన్ని ఎంచుకున్నా పెద్ద జెట్ విమానాల వైపు తొందరపడకుండా, తొలి నెలంతా సెస్నా 172లోనే గడపాలి. 1955లో తొలిసారి ఎగిరిన ఈ రెండు జతల సీట్ల చిన్న విమానం 44,000కు పైగా తయారై, ప్రపంచంలో మరే విమానమూ అందుకోని సంఖ్యను చేరింది. ఫ్లైట్‌గేర్‌లో, ఎక్స్-ప్లేన్‌లో, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో మూడింటిలోనూ అది ఉంది. ముందు సమతలంగా నిలపడం, ట్రిమ్ చేయడం, 74 నాట్ల వద్ద ఎక్కడం, 20 డిగ్రీల ఒరుగుతో తిరగడం, ఆ తరువాతే రన్‌వే చుట్టూ వెయ్యి అడుగుల ఎత్తున చదరంగా తిరిగి దిగే సర్క్యూట్ అభ్యాసం అన్న క్రమాన్ని పాటించినవారు, ఆపై సిమ్యులేటర్‌ను మార్చుకున్నా నేర్చుకున్నదేదీ పోగొట్టుకోరు, ఎందుకంటే ఆ విమానం వేగాల అంకెలు మూడింటిలోనూ దాదాపు అవే.